అడుగున ఏముంది

సూస్ నుంచి పొద్దున్నే రైలెక్కాం ముగ్గురం,
నేను, మా అత్తగారు మన్నూబియా,
మహదియా ఊరికి కాలపట్టిక గీసుకురమ్మని
బళ్ళో చెబితే బయల్దేరిన నా కొడుకు ఇయాద్.

లెక్కల పుస్తకంలోంచి చింపిన కాగితం మీద ఏడు గడులు.
"ఊరంటే దొంతర పెట్టిన కుండలు కదమ్మా," అన్నాడు,
కింది కుండలో ఏముందో తెలిస్తే చాలన్నట్టు.
అత్తగారు నవ్వలేదు. ఆమెకి మోకాళ్ళ నొప్పి,
పైగా సంచిలో చెల్లెలికని తెస్తున్న ఆలివ్ నూనె,
సీసా మూత వదులు.

నల్ల గవినిలో అడుగుపెట్టగానే
ఎండ వెనకాలే ఆగిపోయింది.
రాతి అరుగు మీద తొమ్మిది జతల చెప్పులు పరిచి
ఒకాయన ఫోన్లో ఫుట్‌బాల్ చూస్తున్నాడు.
"ఈ గోడ మందం ఎంత?" అన్నాడు మావాడు, చేతులు చాచి.
"నా అప్పులంత," అన్నాడాయన, తలెత్తకుండానే.

గవిని దాటాక మసీదు.
వెయ్యేళ్ళ రాయి కదా అని గొంతు తగ్గించాను.
అత్తగారు కర్ర ఎత్తి చూపించింది:
"దీన్ని మళ్ళీ కట్టినప్పుడు నాకు పదకొండేళ్ళు.
మేస్త్రీలకి మా అమ్మ శనగల పులుసు పంపేది.
అదిగో, ఆ మూలకి సున్నం మోసింది మా చిన్నాన్నే."
పాత నక్షా, పడుచు రాళ్ళు.
ఇయాద్ రబ్బరు తీశాడు.
మూడో గడిలోది చెరిపి ఆరో గడిలో రాశాడు.
కాసేపాగి, రెండింటిలోనూ రాశాడు.

చెల్లెలు దలెండా ఇంటికి తాళం.
స్ఫాక్స్ వెళ్ళిందట, ఆసుపత్రికి.
నూనె మళ్ళీ సంచిలోకి.

సందు మలుపులో మగ్గం.
పట్టు మీద చేప ముల్లులాంటి అంచు.
"ఈ అంచు ఎవరిది?" అని అడిగాను.
"లిబియా వైపు నుంచి వచ్చిన యూదులదంటారు.
మా తాత వాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకున్నాడు.
ఇప్పుడు మా పెళ్ళికూతుళ్ళందరిదీ."
"మరి వాళ్ళు?"
లరూసీ నాడెని అటు విసిరాడు, ఇటు అందుకున్నాడు.
మళ్ళీ విసిరాడు.
"వెళ్ళిపోయారు," అన్నాడు.

పోతూ పోతూ స్పెయిన్ సైనికులు
కోటగోడలకి మందు పెట్టి పేల్చారని మావాడి పుస్తకం.
పేలిన రాళ్ళు ఊరికే పడుండలేదని అత్తగారు.
గడపలయ్యాయి, గట్లయ్యాయి,
ఒకటి మాత్రం ఆమె పుట్టింట్లో
కోళ్ళగూటికి మెట్టు.
దాన్నే గడిలో వెయ్యాలి?
మావాడు పెన్సిల్ కొరికాడు.

తెల్ల సమాధులు కొండవాలు దిగి నీళ్ళ దాకా,
స్నానానికొచ్చి చలికి జంకినవాళ్ళలా.
వాటి కింద, రాతిని తొలిచిన పాత రేవు.
ఫినీషియన్లదట.
అత్తగారికి మాత్రం ఈత నేర్చుకున్న తొట్టి.
కుర్రాళ్ళు అందులోకి దూకుతున్నారు,
ఓ పడవవాడు వలలు తడుస్తాయని తిడుతున్నాడు.
ఆమె చెప్పులు విడిచి, మోకాళ్ళ దాకా దిగి,
"అబ్బ," అంది, ఎవరితోనూ కాదు.

"నాయనమ్మా, ఇదేగా అన్నిటికంటే అడుగు?"

"మా నాన్న స్పాంజి కోసం మునిగేవాడు.
అడుగు చూశావా అని అడిగేదాన్ని.
ఊపిరి ఎక్కడ అయిపోతే అదే అడుగు పిల్లా, అనేవాడు.
ఆయనకి ఒక చెవి వినబడేది కాదు.
రెండో చెవి వైపు తిరిగి మళ్ళీ అడిగేదాన్ని,
మళ్ళీ అదే చెప్పేవాడు."

తిరుగు రైల్లో సంచి విప్పితే
కాగితం నిండా నూనె.
ఏడు గడులూ అద్దంలా తేలిపోయి
వెనకవైపు భాగహారాలు ముందుకొచ్చాయి,
మసీదు మీద నలభై రెండు బై ఆరు,
రేవులో శేషం మూడు.
మావాడి పెదవి వణికింది.
ఏదో అనబోయాను.
అత్తగారు సీసాని కిటికీ వెలుగుకి పట్టి చూసి,
"సగం ఉందిలే," అని
తల వెనక్కి వాల్చింది.
పాదాల మీద ఉప్పు ఆరి
తెల్లటి గీత,
కడుక్కోలేదు.